అమ్మేసే కారు మీద ఎంత పెట్టొచ్చు? ఎక్స్ఛేంజ్‌కి ముందు వేసుకోవాల్సిన లెక్క

సార్వా కోతలై ధాన్యం డబ్బులు చేతికొచ్చిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా భీమవరం, పాలకొల్లు, అమలాపురం షోరూముల ముందు కొత్త కార్లకి నిమ్మకాయలు తొక్కించడమే పని. ఆ కొత్త కార్ల వెనకాల, పార్కింగ్ మూలన నిలబెట్టిన పాత బండ్ల గురించి ఈ రాత. పదేళ్లో పన్నెండేళ్లో తిరిగిన కారు, క్లచ్ బరువెక్కింది, ఏసీ అంతంతమాత్రం, ముందు బంపర్‌కి గీతలు, వెనక తలుపు అడుగున తుప్పు. దీన్ని ఇలాగే ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చేయడమా, లేక షెడ్డులో పెట్టి పాతికవేలో యాభైవేలో తగలేసి ఇస్తే రేటు పెరుగుతుందా? మెకానిక్‌ని అడిగితే చేయించేయండి అంటాడు, షోరూములో అడిగితే ఏమీ వద్దండీ అలాగే తెచ్చేయండి అంటారు, బావగారిని అడిగితే ఆ బేరమేదో నాకే ఇచ్చేయ్ అంటారు. ఎవరి లాభం వాళ్లు చూసుకుంటున్నారు, అందులో తప్పేం లేదు, మన లాభం మనం చూసుకోవాలి అంతే.

నేను అడిగే ప్రశ్న ఒకటే. ఆ మరమ్మతు అయ్యాక బండి ఎవరు తిప్పుతారు? షోరూముకి పోయే బండి మీద పెద్ద పని ఏదీ పెట్టకండి. తెలిసినవాళ్లకి అమ్మే బండి మీద కొంత పెట్టాలి, ఎంత అనేది కింద చెప్తాను. క్లచ్, ఇంజన్, టర్బో లాంటివి ముట్టుకోవడం మాత్రం ఆ బండిని మీరే ఇంకో మూడు నాలుగేళ్లు తిప్పుతానంటేనే.

షోరూములో లెక్క ఎలా వేస్తారంటే

మీ పాత కారు చూసే మనిషికి కావాల్సినవి రెండు అంకెలు. ఈ మోడల్ బండి బాగుచేసి నిలబెడితే బయట ఎంతకి పోతుంది, బాగుచేయడానికి తనకెంత అవుతుంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, తన లాభం కూడా తీసేసి మిగిలింది మీకు చెప్తాడు. చాలాసార్లు ఆయన సొంతంగా కూడా చెప్పడు, ఫొటోలు తీసి రాజమండ్రిలోనో విజయవాడలోనో ఉన్న బ్రోకర్లకి వాట్సాప్‌లో పంపి, అందరికంటే ఎక్కువ చెప్పినవాడి రేటులో కొంత కోసుకుని మీ ముందు పెడతాడు. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, బాగున్నదానికి ఎవరూ విడిగా డబ్బులివ్వరు, బాగోలేనిదానికి కోస్తారు, ఆ కోత కూడా వాళ్లకయ్యే ఖర్చుని బట్టి ఉంటుంది గానీ మీకయ్యే ఖర్చుని బట్టి ఉండదు. బంపర్ పెయింటింగ్‌కి మీ దగ్గర నాలుగు వేలు తీసుకునే షెడ్డువాడు, పాత బండ్లు కొని అమ్ముతూ నెలనెలా బండ్లు పంపే కన్సల్టెన్సీవాడి దగ్గర అంత తీసుకోడు కదా. ఆ తేడా మీ చేతి చమురే.

పదకొండేళ్ల డీజిల్ కారు ఒకటి ఉందనుకోండి. ఉన్నదున్నట్టు చూపిస్తే 2 లక్షలన్నారు. క్లచ్ ప్లేటు మార్చి, సస్పెన్షన్ బుష్‌లు, లింక్ రాడ్లు వేసి, నాలుగు టైర్లు కొత్తవి ఎక్కిస్తే 45 వేలయింది. మళ్లీ తీసుకెళ్తే 2 లక్షల 20 వేలన్నారు. రేటు పెరిగిన మాట నిజమే, ఇంట్లో చెప్పుకోడానికి కూడా బావుంటుంది, కానీ జేబులోంచి పాతికవేలు పోయాయి.

అందుకని షెడ్డు కంటే ముందు షోరూముకి వెళ్లండి. మామూలుగా కడిగించి, ఏ పనీ చేయించకుండా, కనీసం మూడు చోట్ల రేటు అడగండి. కొత్త కారు కొనే షోరూము ఒకటి, ఇంకో కంపెనీ షోరూము ఒకటి, మీ ఊళ్లో ఆటో కన్సల్టెన్సీ ఒకటి. దేనికెంత కోశారో విడివిడిగా చెప్పించుకోండి. టైర్లకి ఇంత, ఏసీకి ఇంత, బాడీకి ఇంత అని. మొహమాటపడితే చెప్పరు, "అదంతా కలిపేనండీ" అంటారు, అప్పుడు "టైర్లు నేను వేయించి తెస్తే ఎంత పెంచుతారండీ" అని సూటిగా అడగండి. ఆ జవాబే మీ గైడు. వేయించడానికయ్యే ఖర్చు కంటే పెంచే మొత్తం ఎక్కువైతే వేయించండి, తక్కువైతే వదిలేయండి. టైర్లు, క్లచ్, బాడీ పెయింటు, మ్యూజిక్ సిస్టమ్, సీటు కవర్లు, వీటిలో ఈ పరీక్ష నెగ్గేవి బహు అరుదు.

చూసేవాడి కళ్లు ఎక్కడికి పోతాయో

అనుభవం ఉన్నవాడు రాగానే స్టీరింగ్ ఎక్కడు. డోరు తీసి రబ్బరు బీడింగ్ అంచు వేలితో లాగి, లోపల కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయా, ఎవరైనా కోసి అతికించారా అని చూస్తాడు. డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంతలో చెయ్యి పెట్టి తడుముతాడు. సీటు బెల్టుని చివరిదాకా లాగుతాడు, ఎందుకంటే బయట ఎంత షాంపూ పెట్టి కడిగినా లోపల చుట్టుకుపోయి ఉండే ఆ ఆఖరి జానెడు బెల్టుని ఎవరూ కడగరు, బండి వరదలో మునిగుంటే ఆ మట్టి మరక అక్కడ దొరికిపోతుంది. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ మూత తిప్పి పొగ ఎంత ఎగతన్నుతోందో చూస్తాడు. ఆ తర్వాత వంగుని తలుపుల కిందుండే రన్నింగ్ బోర్డు రేకుని వేలి కణుపుతో కొట్టుకుంటూ పోతాడు. రేకు మోత వస్తే సరే, మొద్దుగా ధబ్ ధబ్‌మంటే లోపలుంది పుట్టీ.

ఇంత చూసేవాడి ముందుకి నిన్న వేసిన పెయింటుతో వెళ్తే ఏమవుతుంది? పెయింటు మందం కొలిచే మీటరు పెడతాడు, అది లేకపోయినా ఎండలో పక్కనుంచి చూస్తే ఆ ప్యానెల్ రంగు పక్కదానితో కలవదు. "ఆయ్, బండి బావుందండీ, యాక్సిడెంటేమైనా అయిందాండీ?" అని అడుగుతాడు. గీతకి కోసే వెయ్యి రూపాయల బదులు అనుమానానికి పదివేలు కోస్తాడు. గీతలు గీతల్లాగే ఉండనివ్వండి, పదేళ్ల బండికి గీతలు లేకపోతేనే భయపడతారు. కోనసీమలో కొబ్బరిచెట్టు కింద పెట్టి కాయపడి టాపు సొట్టపోయిన బండ్లకి కూడా ఇదే మాట. పెయింటు చిట్లకుండా సొట్ట మాత్రమే పడితే లోపలి నుంచి నొక్కి తీసేవాళ్లున్నారు, చవకలో అయితే తీయించండి, పుట్టీ పెట్టి రంగు వేయాలంటే వద్దు.

తుప్పు

డెల్టాలో అసలు సమస్య ఇదే, హైదరాబాదువాళ్లు రాసే సలహాల్లో ఇది కనపడదు. నరసాపురం, అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి, పొలాల కంటే చెరువులే ఎక్కువున్న ఊళ్లలో గట్ల మీద తిరుగుడు, రొయ్యల లోడు బండ్లలోంచి రోడ్డు పొడవునా కారే నీళ్లు. ఇంజన్ ఇంకో లక్ష కిలోమీటర్లు తిరిగేలా ఉన్నా కింద రేకు ముందే చేతులెత్తేస్తుంది. తలుపు అడుగున నీళ్లు పోడానికి చిన్న చిల్లులుంటాయి, చెరువుగట్టు బురద ఎండి అవి పూడుకుపోతే వానాకాలమంతా నీళ్లు తలుపులోనే నిలబడతాయి, రేకుని లోపలి నుంచి తినేస్తాయి, బయట పెయింటు బుడగలా పొంగేసరికి లోపల పని పూర్తయిపోయి ఉంటుంది. చక్రాల ఆర్చీలకీ ఇదే గతి.

అమ్మే ముందు ఈ తుప్పుని ఏం చేయాలి? ఎక్స్ఛేంజ్‌కైతే ఏమీ చేయొద్దు. పైపైన గీకి రంగు వేస్తే నాలుగు నెలల్లో మళ్లీ బుడగ లేస్తుంది, ఆ సంగతి కొనేవాడికి మనకంటే బాగా తెలుసు. ముఖ్యంగా అమ్మే వారం ముందు బండి కింద నల్లటి కోటింగ్ కొట్టించకండి, అది తుప్పు మీద దుప్పటి కప్పినట్టే కనపడుతుంది. తుప్పు తినేసిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించడం మీరు ఉంచుకునే బండికి పనికొచ్చే ఖర్చు.

వరద నీళ్లెక్కిన బండి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. 2022 జులై గోదావరి వరదకి లంకల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో బండ్లు మునిగాక కొనేవాళ్లకి అనుమానం ఎక్కువైంది. కార్పెట్ దాకా నీళ్లెక్కిన బండికి వైరింగు మార్పించి అమ్ముదామనుకోకండి, ఆ ఖర్చు తిరిగి రాదు. ఉన్నది చెప్పి వచ్చిన రేటుకి ఇచ్చేయండి. దాచి తెలిసినవాళ్లకి మాత్రం అంటగట్టకండి.

మరి ఏం చేయించాలి?

చిన్నవి చేయించండి. ఇవి డబ్బు తెచ్చేవని కాదు, బేరంలో ఎదుటివాడి నోరు నొక్కేవి. సెల్ఫ్ ఒక్కసారికి అందుకోకపోతే "ఇంజన్ పనుందండీ" అంటారు, అసలు సంగతి బ్యాటరీ అయినా సరే. బ్యాటరీ చచ్చిపోతే షాపులో తక్కువ రేటుది గానీ, గ్యారంటీ మిగిలున్నది ఇంకెక్కడన్నా దొరికితే అది గానీ వేయండి. బల్బులు, వైపర్లు, హారన్, అద్దం దిగే బటన్లు, ఎక్కడో పెట్టి మర్చిపోయిన రెండో తాళం. ఏసీ చల్లగా లేకపోతే గ్యాస్ మాత్రమే తగ్గిందా, కూలింగ్ కాయిల్ లీకా, కంప్రెసరా అని ఏసీ మెకానిక్‌తో చూపించండి. గ్యాస్‌తో పోయేదైతే పట్టించండి, కంప్రెసర్ అయితే ఆ పని కొనేవాడికి వదిలేయండి.

డ్యాష్‌బోర్డులో చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటే, లోపం ఎక్కడుందో చదివే స్కానర్ పెట్టించడం తప్పనిసరి. కోతలయ్యాక గడ్డివాము పక్కన పెట్టిన బండ్లలో ఎలకలు వైరు కొరికి ఈ లైటు వెలగడం మామూలే, వైరు అతికిస్తే పోతుంది. అదే లైటుకి ఇంజెక్టర్లో, టర్బోనో కారణమైతే ఖర్చు చెయ్యి దాటిపోతుంది, అప్పుడు వదిలేయండి. ఏమీ బాగుచేయించకుండా స్కానర్‌తో లైటు మాత్రం ఆర్పించి తీసుకెళ్లే తెలివి చూపించకండి, అవతలివాడు తన స్కానర్ పెడితే ఇప్పుడే ఎరేజ్ చేశారని కనపడిపోతుంది.

ఇంకోటి, వాసన. రొయ్యల మేత బస్తాలు మోసిన కారు అద్దాలు దించిన రెండు నిమిషాలకే చెప్పేస్తుంది ఎవరి కారో. సీట్లు తీసి కార్పెట్ ఎండబెట్టి లోపలంతా శుభ్రం చేయించడానికి పెట్టే డబ్బుకి మాత్రం నేను ఎప్పుడూ వెనకాడొద్దంటాను. ఇంజన్‌ని మాత్రం మెరిసేలా కడిగించకండి, ఆయిల్ లీకు దాచారనుకుంటారు. సర్వీసు బిల్లులుంటే ఫైలులో పెట్టి తీసుకెళ్లండి, అవి ఏ పాలిష్ కంటే కూడా బాగా మాట్లాడతాయి.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి బాగుచేయిస్తే?

"పాలసీ ఉంది కదా, బంపర్, డోరు క్లెయిమ్‌లో పెట్టి కొత్తగా చేయించి ఇచ్చేద్దాం" అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆగండి. వరసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో, అంటే మన బండికే జరిగే నష్టానికి కట్టే బీమా డబ్బులో, 50 శాతం తగ్గింపు ఉంటుంది, దాన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. అది బండిది కాదు, మీది. పాత కారు ఇచ్చేసినప్పుడు బీమా కంపెనీ దగ్గర సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. కొత్త కారు సొంత డ్యామేజీ ప్రీమియం 24 వేలనుకుంటే 12 వేలు మిగిలినట్టు. పోయే బండి బంపర్ కోసం క్లెయిమ్ పెడితే ఆ బోనస్ సున్నాకి వస్తుంది. షోరూములో కొత్త పాలసీ వాళ్లే చేసేస్తారు, ఈ సర్టిఫికెట్ మీరు అడక్కపోతే వాళ్లంతట వాళ్లు గుర్తు చేస్తారని నమ్మకం పెట్టుకోకండి.

తెలిసినవాళ్లకి అమ్మితే

మధ్యలో బ్రోకరు లాభం ఉండదు కాబట్టి మీకో నాలుగు రూపాయలు ఎక్కువ, కొనేవాళ్లకి నాలుగు తక్కువ. ఆ మేరకు బండి మీద కొంత పెట్టడం న్యాయం కూడా. బ్రేకులు, అరిగిపోయిన టైర్లు, స్టీరింగ్‌లో ఆడే బాల్ జాయింట్లు, ఈ ప్రాణం మీదకి వచ్చే పనులు చేయించి ఇవ్వండి. మిగతావి చేయించకుండా చెప్పేయండి, "క్లచ్ ఇంకో ఆరేడు నెలలు వస్తుంది బాబాయ్, దానికి తగ్గించి ఇస్తున్నా" అని. ఎందుకంటే ఆ కొన్న మనిషి రేపు తణుకులో పెళ్లిలో మీ పంక్తిలోనే కూర్చుంటాడు.

కాయితాల దగ్గర మాత్రం చుట్టరికం పక్కన పెట్టండి. అమ్మినవాళ్లు 14 రోజుల్లోపు రవాణా శాఖకి తెలియజేయాలి, పేరు మార్పుకి ఫారం 29, 30 మీద కావాల్సిన సంతకాలు, ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఫారం 35. పేరు మారకుండా ఆ బండి ఎవర్నైనా గుద్దితే కాయితం మీదున్న యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి సీబుక్కుతో సహా కన్సల్టెన్సీలో పడేసి వచ్చేయడం మన దగ్గర బాగా అలవాటు, అదే అన్నిటికంటే ప్రమాదం. 2023 ఏప్రిల్ నుంచి అనుమతి ఉన్న పాత బండ్ల డీలర్లకి వాహనం అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో నమోదు చేసే పద్ధతి వచ్చింది, అలా చేస్తారా అని అడిగి మరీ ఇవ్వండి.

ఉంచేసుకుంటే?

మూడు చోట్లా చెప్పిన రేటు మరీ నవ్వొచ్చేలా ఉంటే ఇది ఆలోచించాల్సిందే. కారుకి 90 వేలు ఇస్తామన్నారు, 60 వేలు పెడితే ఇంకో మూడేళ్లు నమ్మకంగా తిరుగుతుంది. కొత్త కారు ఈఎంఐ నెలకి 14 వేలంటే మూడేళ్లకి 5 లక్షల పైమాట. రొయ్యల రేటు ఎప్పుడు పడిపోతుందో తెలియని ఊళ్లలో ఈఎంఐ లేని కారు ఒక పెద్ద ధైర్యం. నా మటుకు నేను బాడీ గట్టిగా ఉన్న బండిని ఇంజన్ పని ఉందని వదులుకోమనను, ఇంజన్ ఎంత బావున్నా ఫ్లోరు తినేసిన బండిని ఉంచుకోమనను. ఇంజన్‌కి విడిభాగాలు విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి, తుప్పుకి మందు దొరకదు.

డీజిల్ కార్లకి పదేళ్లు దాటితే అమ్మేయాలని ఒక భయం పల్లెల్లో కూడా తిరుగుతోంది. ఆ పదేళ్ల గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. కాకపోతే 2022 ఏప్రిల్ నుంచి ఆ మొదటి పొడిగింపు ఫీజు కారుకి 600 నుంచి 5,000 రూపాయలైంది, దానిమీద పాత బండ్లకి వేసే గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. పద్నాలుగో ఏడు నడుస్తున్న బండి అయితే పెద్ద పని పెట్టే ముందు ఈ ఖర్చు కూడా కలపండి. అన్నట్టు బండి వయసు దాచడం కుదరదు, ఏపీ 39 సిరీస్ 2019లో మొదలైంది కాబట్టి ఏపీ 37, ఏపీ 05 నంబరు చూడగానే అంతకు ముందుదని చెప్పేస్తారు.

ఇక తిరగలేని బండి సంగతి. పాతసామానువాడికి తూకానికి వేసే ముందు, ప్రభుత్వ అనుమతి ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే వచ్చే సర్టిఫికెట్ గురించి కనుక్కోండి. కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, సొంత వాహనాల పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన పెట్టింది. ఇక్కడ ఎంత వర్తిస్తుందో రవాణా శాఖ ఆఫీసులో అడిగి, ఆ మొత్తాన్ని ఎక్స్ఛేంజ్ రేటుతో పోల్చుకోండి.

బేరం రోజున

మూడు అంకెలు విడివిడిగా రాయించుకోండి. ఎక్స్ఛేంజ్ లేకుండా కొత్త కారు రేటెంత, పాత కారుకి ఎంత, కంపెనీ ఇచ్చే ఎక్స్ఛేంజ్ బోనస్ ఎంత. మూడూ కలిపి "మీకు మొత్తం 2 లక్షల 60 వేలు పడుతుందండీ" అన్నారంటే ఎక్కడో ఒకచోట తగ్గించి ఇంకోచోట చూపిస్తున్నారు. పాత కారు బయట అమ్మితే బోనస్ పోతుంది, కాబట్టి షోరూము రేటూ ఆ బోనసూ కలిపిన మొత్తాన్ని బయట రేటు దాటినప్పుడే బయట అమ్మడం లాభం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి కొత్తవాటి రేట్లు దిగాయి, దాంతో పాతవాటి రేట్లూ దిగాయి, అంతకు ముందు పక్కింటివాళ్లకి వచ్చిన రేటు పట్టుకుని కూర్చోకండి. డిసెంబరు దాటితే మీ బండి కాయితం మీద ఇంకో ఏడాది పాతబడుతుంది, సంక్రాంతికి కొత్త కారు అనుకునేవాళ్లు పాతదాని రేటు డిసెంబరులోనే తేల్చుకోవడం మంచిది. కొత్త కారు రావడానికి రెండు నెలలు పడుతుందంటే, పాతదానికి చెప్పిన రేటు డెలివరీ దాకా మారదని బుకింగ్ కాయితం మీదే రాయించుకోండి. నోటిమాటకి వదిలేస్తే డెలివరీ రోజున మళ్లీ బండి కిందకి వంగుతారు.